తక్కువ ఖర్చుతో మాల్టాలో వారం రోజులు: నెల ఎంచుకోవడం నుంచి తిరుగు బస్సు దాకా

మధ్యధరా దీవి చూడాలని ఉంది, చేతిలో డబ్బు లెక్క ప్రకారమే ఉంది అనుకునేవాళ్లు మొదట మాల్టా వైపు చూడండి. దేశం మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు. 650 చదరపు కిలోమీటర్ల పాత జీహెచ్‌ఎంసీ పరిధిలో సగం కూడా లేదు. కారు అద్దెకు తీసుకోకుండా సిటీ బస్సుల్లోనే దేశమంతా తిరిగి రావచ్చు. ఇంగ్లిష్ అధికార భాషల్లో ఒకటి కాబట్టి బోర్డులు, టికెట్లు, మందుల షాపు, పోలీసు అన్నీ మనకు అర్థమయ్యే మాటల్లోనే ఉంటాయి. పౌలు ఓడ పగిలి చేరుకున్న మెలితే ఇదేనని నమ్మకం, ఆ పేరుతో తెలుగు క్రైస్తవులకు ఎప్పటినుంచో పరిచయమే.

ఇక్కడ జేబు ఖాళీ అయ్యేది విమానం టికెట్టు దగ్గర కాదు. టికెట్టు మీద నాలుగు వేలు మిగిలాయని సంబరపడి, ఆగస్టు నెల పెట్టుకుని, బస తప్పుచోట తీసుకుని, బస్సు దొరక్క రోజూ ట్యాక్సీ ఎక్కడంతో డబ్బు పోతుంది. అందుకే ఏది ముందు తేల్చుకోవాలో ఆ వరసలోనే చెప్పుకుంటూ వెళ్దాం.

ముందు నెల తేల్చుకోండి

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారం దాకా, లేదంటే అక్టోబరు. ఈ రెంటిలో ఒకటి. సముద్రంలో ఈదడం ముఖ్యమైతే అక్టోబరే మేలు. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికి ఇంకా 23, 24 డిగ్రీల దగ్గర ఉంటాయి. మేలో పైన ఎండ బాగానే ఉన్నా నీళ్లలో కాలు పెడితే చలి తెలుస్తుంది.

జులై, ఆగస్టు వద్దు. పగటి వేడి 31, 32 డిగ్రీలే కదా, బెజవాడ మే నెల చూసినవాళ్లకు ఇదొక ఎండా అనిపిస్తుంది. కానీ చెట్టు నీడ దాదాపు లేని దీవి ఇది. పసుపురంగు సున్నపురాయి గోడలు ఎండను తిప్పి ముఖం మీదే కొడతాయి, పైగా తేమ. దానికి తోడు ఆ రెండు నెలల్లో ఇంగ్లిష్ నేర్చుకోవడానికి యూరప్ నలుమూలల నుంచి వచ్చే కుర్రకారుతో హాస్టళ్లు నిండిపోతాయి, గది అద్దెలు దాదాపు రెట్టింపవుతాయి. ఆగస్టు 15 శాంతా మరియా పండుగ వారంలో దేశంలోని రెండో పెద్ద దీవి గోజోకు వెళ్లే పడవ దగ్గర క్యూ చూస్తే మేడారం గుర్తొస్తుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నీ చవకే. వానలు కూడా అప్పుడే. అసలు ఇబ్బంది బయట చలి కాదు, ఇంటి లోపల చలి. రాతి ఇళ్లకు హీటింగ్ ఉండదు, గోడలు తేమ పీల్చుకుని పక్కబట్టలు కూడా చెమ్మగా ఉంటాయి. ఆ నెలల్లో వెళ్తే గదిలో ఏసీ వేడిగాలి ఇస్తుందా, దాని కరెంటుకు వేరే డబ్బు తీసుకుంటారా అని బుక్ చేసేముందే మెసేజ్ పెట్టి అడగండి. కొన్నిచోట్ల మీటరు చూసి మరీ వసూలు చేస్తారు.

వీసా

మాల్టా షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్ లాంటి షెంజెన్ దేశాల నివాస అనుమతి కార్డు మీ దగ్గరుంటే వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగవచ్చు. పాస్‌పోర్టు, కార్డు రెండూ వెంట ఉంచుకోండి. ఐర్లండ్‌లోనో యూకేలోనో చదువుకుంటున్న మనవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ దేశాల వీసా మాల్టాకు పనికిరాదు, షెంజెన్ వీసా తీసుకోవాల్సిందే.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఫీజు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45, అంతకన్నా చిన్నవాళ్లకు ఉచితం. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. మీరు మాత్రం రెండున్నర నెలల ముందు పెట్టుకోండి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, సందేహం వస్తే 45 రోజుల దాకా పట్టవచ్చు. స్లాట్లు దొరకడమే ఒక పని. మీకు దగ్గర్లోని కేంద్రంలో మాల్టా దరఖాస్తులు తీసుకుంటారో లేదో ముందే చూసుకోండి.

పాస్‌పోర్టు పదేళ్ల లోపు జారీ అయినదై, తిరిగి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలైనా చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ మొత్తానికి, ఉన్నన్ని రోజులకూ ఉండాలి. ఒక రోజు తక్కువ పడినా కాగితం వెనక్కి వస్తుంది.

తిరస్కరణలు ఎక్కువగా బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గరే మొదలవుతాయి. ఖాతాలో నిల్వ తక్కువని చివరి వారంలో బంధువుల దగ్గర మూడు లక్షలు తెచ్చి వేస్తారు. చూసే అధికారికి అది వెంటనే కనబడుతుంది. నెలనెలా వచ్చే జీతం, మామూలు ఖర్చులు, నిదానంగా పెరిగిన నిల్వ, ఇవే నమ్మకం కలిగిస్తాయి. ఎవరైనా నిజంగా ఖర్చు పెడుతుంటే ఆ మాట రాసి, వాళ్ల స్టేట్‌మెంట్ జత చేయండి. హోటలు కాగితాలకు ఉచితంగా రద్దు చేసుకునే బుకింగులే వాడండి, వీసా చేతికొచ్చేదాకా వాటిని రద్దు చేయకండి. విమానం టికెట్టు డబ్బు వెనక్కి రానిది ముందే కొనేయవద్దు.

ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే దరఖాస్తు. నాలుగు రాత్రులు మాల్టా, ఐదు రాత్రులు రోమ్ అయితే ఇటలీకి పెట్టాలి. మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ షెంజెన్‌లోకి వచ్చే ఆలోచన ఉంటే మల్టిపుల్ ఎంట్రీ అడగండి. సింగిల్ ఎంట్రీతో ఒకసారి బయటికొస్తే అంతే.

విమానం

హైదరాబాదు నుంచి నేరుగా లేదు. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో ఒకే టికెట్టు మీద వెళ్లే దారులు చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ దారిలో పాస్‌పోర్టు తనిఖీ అక్కడే జరుగుతుంది. 2025 అక్టోబరు 12 నుంచి మొదలైన కొత్త పద్ధతిలో మొదటిసారి వచ్చేవాళ్ల వేలిముద్రలు, ఫొటో తీసుకుంటున్నారు. కాబట్టి మధ్యలో గంటన్నర ఉన్న కనెక్షన్ వద్దు, రెండున్నర గంటలైనా ఉంచుకోండి.

హైదరాబాదు నుంచి రోమ్‌కో మిలాన్‌కో చవగ్గా వచ్చి, అక్కడి నుంచి వేరే చవక విమానం పట్టుకునే ఉపాయం కాగితం మీద బాగుంటుంది. మన 23 కిలోల పెట్టె దగ్గర తేడా కొడుతుంది. ర్యాన్ఎయిర్ ఉచితంగా ఒప్పుకునేది 40×30×20 సెంటీమీటర్ల సంచి ఒక్కటే. పెట్టెకు కట్టే డబ్బు కలిపి చూసుకోండి. రెండూ వేర్వేరు టికెట్లు కాబట్టి మొదటిది ఆలస్యమైతే రెండోది పోయినట్టే, ఎవరూ బాధ్యత తీసుకోరు. యూరప్‌లో ఉంటూ ఒక సంచితో వెళ్లేవాళ్లకు మాత్రం ఇలాంటి చవక విమానాలే సరి. చెకిన్ ఇంటి దగ్గరే పూర్తిచేసుకుని వెళ్లండి. విమానాశ్రయంలో చేయించుకుంటే టికెట్టు ధరంత అడుగుతారు.

గోజో ముందు, మాల్టా తర్వాత

అందరూ మాల్టా దీవిలోని రాజధాని వలెట్టా దగ్గర దిగి, చివర్లో గోజోకు వెళ్తారు. తిప్పి చేయండి, రెండు లాభాలు.

ఒకటి, విమానాశ్రయం నుంచి ఎక్స్ 1 బస్సు నేరుగా చిర్కెవ్వా రేవుకు వెళ్తుంది. సామానుతో దీవిని అడ్డంగా దాటే పని ఒక్కసారితో అయిపోతుంది. రెండోది గాలి. ఈశాన్యం నుంచి వచ్చే గాలిని ఇక్కడ గ్రిగాల్ అంటారు. అది లేచిన రోజున చిన్న పడవలు ముందు ఆగుతాయి, ఆ తర్వాత ఫాస్ట్ ఫెర్రీ, మరీ ఎక్కువైతే పెద్ద పడవ కూడా. తెల్లారి విమానం పెట్టుకుని ముందు రాత్రి గోజోలో పడుకోవడం అంటే గాలితో పందెం కాయడమే.

మధ్యాహ్నం లోపు విమానం దిగితే ఇలా చేయండి: ఎక్స్ 1 ఎక్కి గంటన్నరలో చిర్కెవ్వా, అక్కడ పెద్ద పడవ, 25 నిమిషాల్లో ఇమ్జార్ రేవు, బయటికి రాగానే 301 నంబరు బస్సు, పావుగంటలో విక్టోరియా. ఆ ఊరినే స్థానికులు రబాత్ అంటారు, కంగారుపడకండి. వెళ్లేటప్పుడు పడవకు టికెట్టు అడగరు. తిరిగి వచ్చేటప్పుడు ఇమ్జార్‌లో రానూపోనూ కలిపి 4 యూరోల 65 సెంట్లు కడితే సరిపోతుంది. అదే తిరుగు ప్రయాణంలో పెద్ద పడవ మానేసి ఫాస్ట్ ఫెర్రీ ఎక్కితే ఏడున్నర యూరోలు, 45 నిమిషాల్లో నేరుగా వలెట్టా. మూడు యూరోల తేడాతో రెండు గంటలు, సామాను మోత రెండూ తప్పుతాయి. ఈ ఒక్కచోట కక్కుర్తి పడకండి. రాత్రి పొద్దుపోయి దిగితే మాత్రం ఆ పూటకు విమానాశ్రయానికి దగ్గర్లో ఉండి, పొద్దున్నే బయల్దేరండి.

బస ఎక్కడ

గోజోలో రెండు రాత్రులు విక్టోరియాలోనే. బస్సులన్నీ అక్కడి నుంచే బయల్దేరతాయి. షెలెండీ, మార్సల్‌ఫోర్న్ సముద్రం ఒడ్డున అందంగా ఉంటాయి కానీ ఎక్కడికి పోవాలన్నా ముందు విక్టోరియాకే రావాలి, బస్సు గంటకొకటి.

మాల్టాలో ఐదు రాత్రులకు స్లీమా, గ్జీరా, లేదా నీళ్లకు అవతలి ఒడ్డున బిర్గు, బోర్మ్‌లా. స్లీమా నుంచి వలెట్టాకు పడవ ఉంది, అన్ని దిక్కులకూ బస్సులున్నాయి. బిర్గు నిశ్శబ్దంగా, పాత గల్లీలతో ఉంటుంది. వలెట్టాకు పది నిమిషాల పడవ. వలెట్టా కోట లోపలే ఉండాలంటే ధర ఎక్కువ, పైగా చాలా ఇళ్లకు లిఫ్టు ఉండదు.

బుజిబ్బా, ఆవ్రా వైపు గదులు చవక, అందుకే మొదట అవే కనబడతాయి. అక్కడి నుంచి వలెట్టాకు బస్సులో గంట, రోజూ రెండు గంటలు పోతాయి. సముద్రం ఒడ్డున కూర్చోవడమే పని అయితే తీసుకోండి, తిరగడానికి వచ్చినవాళ్లకు సరిపడదు. సెంట్ జూలియన్స్‌లో పాచవిల్ అని కనబడితే అక్కడ తెల్లవార్లూ క్లబ్బులేనని అర్థం.

బుక్ చేసేముందు ఈ మధ్య రెండు నెలల సమీక్షల్లో కన్‌స్ట్రక్షన్ అన్న మాట వెతకండి. దేశమంతా క్రేన్లే. పక్క బిల్డింగులో రాయి కోత పొద్దున ఏడింటికే మొదలవుతుంది. రెండో ప్రశ్న వంటగది. గ్యాస్ పొయ్యో ఇండక్షనో ఉన్న గది రోజుకు ఐదు యూరోలు ఎక్కువైనా తిండి దగ్గర అంతకు రెట్టింపు మిగులుతుంది. గీజర్లు చిన్నవి, మూడో మనిషికి వేడినీళ్లు అందవు. నలుగురు కలిసి వెళ్తుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

బస్సులతో బతకడం

మాల్టా చవకగా తిరగాలంటే బస్సు గుణం తెలియాలి. ఒక టికెట్టు ధర వేసవిలో రెండున్నర యూరోలు, చలికాలంలో 2, రాత్రి సర్వీసుల్లో 3. ఒకసారి కొంటే రెండు గంటల పాటు ఎన్ని బస్సులైనా మారవచ్చు. బ్యాంకు కార్డు తాకించి ఎక్కితే, మారిన బస్సులో కూడా అదే కార్డు తాకించండి. మొదట ఫోను, తర్వాత కార్డు వాడితే రెండు టికెట్లు పడతాయి, రెండూ ఒకే ఖాతావైనా సరే. భార్యాభర్తలకు రెండు వేర్వేరు కార్డులు ఉండాలి.

వారం రోజులు ఉండేవాళ్లకు ఎక్స్‌ప్లోర్ కార్డు, దాదాపు 25 యూరోలు, మొదటిసారి వాడిన దగ్గర్నుంచి ఏడు రోజులు. లెక్క ఇదీ: వేసవి ధరతో పది ప్రయాణాలు దాటితే లాభం, చలికాలం ధరతో పదమూడు. రోజుకు పోనూ రానూ రెండు అనుకున్నా ఏడు రోజులకు పద్నాలుగు. గోజో బస్సుల్లోనూ ఇదే చెల్లుతుంది. ఇద్దరు మూడు రోజులకే వెళ్తే ఇది దండగ. 12 ప్రయాణాల కార్డు ఒకటి తీసుకుని ఇద్దరూ వాడుకోండి, సుమారు 19 యూరోలు. రోజుకు నాలుగు చొప్పున మూడు రోజులకు కచ్చితంగా సరిపోతుంది. టీడీ అక్షరాలతో మొదలయ్యే వేగం బస్సుల ధర వేరు, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు సంగతి. స్టాపులో నిలబడితే బస్సు ఆగదు, చెయ్యి చూపాలి. నిండిన బస్సు చెయ్యి చూపినా ఆగదు, డ్రైవరు తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. అందుకే మధ్య స్టాపుల్లో కాకుండా బస్సు మొదలయ్యే చోట ఎక్కడం అలవాటు చేసుకోండి. వలెట్టా కోట గుమ్మం ముందున్న పెద్ద బస్టాండు, స్లీమాలో ఫెర్రీస్ స్టాపు అందుకు మంచివి. పొద్దున తొమ్మిదిన్నర దాటాక బయల్దేరితే ప్రతి స్టాపులో నిండిన బస్సులే దాటిపోతాయి. ఎనిమిదికల్లా రోడ్డెక్కినవాళ్లు కూర్చుని వెళ్తారు. యాప్‌లో చూపించే నిమిషాలను మన రైళ్ల నిమిషాల్లాగే చూడండి.

స్టాపు పేర్లు చదవడం చిన్న తిప్పలు. మాల్టీస్‌లో ఎక్స్ అక్షరం ‘ష’ అని పలుకుతుంది, క్యూ దాదాపు వినబడదు, జి పైన చుక్క ఉంటే ‘జ’. బోర్డు మీద క్యూ, ఐ, ఎం కనబడితే పలికేది ‘ఈమ్’. డ్రైవరును అడిగేటప్పుడు నోటితో చెప్పే బదులు ఫోనులో పేరు చూపించండి.

కారు అద్దెకు తీసుకోవాలని ఉంటే, మనలాగే ఎడమవైపు నడపడం ఒక్కటే సౌకర్యం. పార్కింగు దొరక్క తిరగడంలోనే పూట గడుస్తుంది.

రోజులు పంచుకోవడం

గోజోలో చేరిన రోజు సాయంత్రం విక్టోరియా కోట ఎక్కండి, ఉచితం. పొద్దున షారా ఊళ్లో జిగంతియా గుడులు, సుమారు పది యూరోలు. క్రీస్తుపూర్వం 3600 ప్రాంతంలో కట్టినవి, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. అక్కడి నుంచి ఎర్ర ఇసుక రమ్లా తీరానికి నడిచి దిగవచ్చు, తిరిగి ఎక్కడానికి మాత్రం బస్సు చూసుకోండి. ద్వేయ్‌రా దగ్గర పాత ఫొటోల్లో కనిపించే రాతి కిటికీ కోసం వెళ్లకండి. అది 2017 మార్చి 8న తుఫానుకు కూలిపోయింది. మిగిలిన కొండలు, లోపలి సముద్రం చూడటానికైతే వెళ్లవచ్చు.

వలెట్టాకు ఒక రోజంతా ఇవ్వండి. సెయింట్ జాన్స్ కో-కెథెడ్రల్ టికెట్టు 15 యూరోలు. దుబారా అనుకోవద్దు, ఈ దీవిలో డబ్బు పెట్టి చూడాల్సిన మొదటి చోటు ఇదే. కరవాజ్జో 1608లో వేసిన యోహాను శిరచ్ఛేదం చిత్రం అక్కడే ఉంది. కింద కారిన నెత్తురు గీతను జాగ్రత్తగా చూడండి, చిత్రకారుడు తన పేరు ఆ నెత్తుటితోనే రాసినట్టుగా ఉంటుంది. ఆయన సంతకం ఉన్న చిత్రం ఇదొక్కటే. ఆదివారం సందర్శకులకు మూసేస్తారు. నేల నిండా పాలరాతి సమాధి ఫలకాలు కాబట్టి సన్న మడమ చెప్పులు వేసుకుంటే లోపలికి పోనివ్వరు, భుజాలు కప్పుకోవాలి. మధ్యాహ్నం పన్నెండింటికి అప్పర్ బరాక్కా తోట నుంచి కింద ఫిరంగి పేలడం చూడండి. పైనుంచి చూస్తే పైసా లేదు. వాన పడితే వలెట్టా రాతి వీధులు నూనె పూసినట్టు జారతాయి, అరిగిన అడుగుల బూట్లు వద్దు.

ఇమ్‌దీనా, రబాత్ (గోజోలోది కాదు, మాల్టా దీవిలో అదే పేరున్న వేరే ఊరు), డింగ్లీ కొండలు ఒక రోజు. వలెట్టా నుంచి 51, 52, 53 బస్సులు, రబాత్ నుంచి డింగ్లీకి 201. అదే 201 బ్లూ గ్రోటో, హజార్ ఈమ్ గుడుల వైపు కూడా పోతుంది, కానీ గంటకొకటే. ఒకటి తప్పితే కొండ మీద గంటసేపు గాలి తినడమే. తొందరపడేవాళ్లు దక్షిణం వేరే రోజు పెట్టుకుని వలెట్టా నుంచి 74లో వెళ్లండి. మార్సాష్లొక్ చేపల సంత ఆదివారం. 81లో తొమ్మిదిలోపు చేరుకోండి, ముక్కు మీద కళ్లు చెక్కిన రంగుల పడవలు అప్పుడే ప్రశాంతంగా కనబడతాయి.

హాల్ సాఫ్లీయెనీ భూగర్భ సమాధి చూడాలని ఉంటే అన్నిటికన్నా ముందు చేయాల్సిన బుకింగు అదే. రోజుకు 80 మందినే, గంటకు పదిమంది చొప్పున పంపుతారు. మనుషుల ఊపిరిలోని తేమకు గోడల మీది ఎర్ర కావి రంగు చెడిపోతుందని ఈ కట్టడి. టికెట్టు 35 యూరోల పైనే, నెలల ముందే అయిపోతాయి. విమానం తేదీ ఖాయమైన రోజునే కొనండి. దొరక్కపోతే బాధపడకుండా పక్కనే తార్షియెన్ ఊళ్లోని గుడులు చూడండి, చాలా చవక.

కొమీనో దీవిలోని బ్లూ లగూన్‌కు 2025 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా స్లాటు తీసుకోవాలి. పడవ టికెట్టు వేరు, స్లాటు వేరు. చాలామంది ఒకటి కొంటే రెండోది వచ్చేసినట్టే అనుకుంటారు. పడవ చిర్కెవ్వా నుంచి ఎక్కితే సుమారు 15 యూరోలు, స్లీమా నుంచి దాదాపు రెట్టింపు. మొదటి పడవకు వెళ్లి, పదకొండింటికి జనం దిగేసరికి 1618 నాటి శాంతా మరియా బురుజు వైపు నడిచి వెళ్లిపోండి. అక్కడ నీడ లేదు, ధరలు మండుతుంటాయి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఒక పూట తిండి మోసుకెళ్లాలి.

తిండి, నీళ్లు

పాస్తిత్సీ అనే పొరల పొరల పఫ్ ఒకటి ఒక యూరో లోపే. లోపల రికోట్టా జున్నో, మెత్తని బఠాణీ ముద్దో ఉంటుంది. రెండు తింటే పూట గడుస్తుంది. శాకాహారులు ఒక మాట అడగాలి: కొన్నిచోట్ల పిండిలో పందికొవ్వు కలుపుతారు. లోపల బఠాణీయే కదా అని తినేయకండి. ఫ్తీరా రొట్టెలో మామూలుగా ట్యూనా చేప పెడతారు, వద్దంటే తీసేస్తారు. బిగిల్లా అని ఎండు బీన్స్, వెల్లుల్లి, మిరపకాయ వేసి నూరిన ముద్ద ఉంటుంది. మన రోటిపచ్చడికి దూరపు చుట్టం, అన్నంలోకి కూడా బాగుంటుంది.

సూపర్‌మార్కెట్లో బియ్యం, గుడ్లు, పెరుగు, టమాటాలు కొనుక్కుని ఒక పూట వండుకుంటే తిండికి రోజుకు 15, 16 యూరోలతో గడిచిపోతుంది. భారతీయులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు కాబట్టి కందిపప్పు, పసుపు దొరికే దుకాణాలు కూడా ఉన్నాయి. ఆదివారం చిన్న షాపులు చాలావరకు మూసి ఉంటాయి, శనివారమే కొనిపెట్టుకోండి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలి? కందిపొడి, కారప్పొడి, నూనెలో ఊరిన ఆవకాయ బాగా బిగించి చెకిన్ పెట్టెలో పెట్టండి. పాలపదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకురానివ్వరు. అంటే నెయ్యి, కోవా, నేతి పూతరేకులు, చికెన్ పచ్చడి, ఏవీ వద్దు. మామిడిపళ్లు, కరివేపాకు రెమ్మ కూడా కాగితాలు లేకుండా కుదరదు.

కొళాయి నీళ్లు తాగవచ్చు. చాలావరకు సముద్రపు నీటి నుంచి తీసినవే కాబట్టి రుచి కాస్త ఉప్పగా ఉంటుంది. టీకి వాడుకుని, తాగడానికి పెద్ద సీసాల పెట్టె కొనుక్కుంటే సరి. ప్లగ్గులు బ్రిటన్ పద్ధతివి, మూడు చదరపు కాళ్లు. మన గుండ్రని పిన్నులు దూరవు, యూరప్ అడాప్టరు కూడా పనికిరాదు. బయల్దేరేముందే కొని తీసుకెళ్లండి.

సముద్రంలో దిగేముందు

తీరం ఎక్కువగా రాయే. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు లేకపోతే అరికాళ్లు కోసుకుంటాయి. పిల్లలుంటే మెల్లీహా దగ్గర ఆదిరా ఇసుక తీరం మేలు, చాలా దూరం దాకా నడుము లోతే. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు, ఊదా జెండా ఉంటే జెల్లీ చేపలున్నట్టు. కుడితే మంచినీళ్లు పోయకండి. అంటుకున్న ముళ్ల కణాలు మంచినీటికి ఇంకా పగులుతాయి. సముద్రపు నీటితోనే కడిగి, రుద్దకుండా లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్లండి. ఈత రానివాళ్లు రాతి మెట్ల మీద నుంచి దిగకండి, అక్కడ మొదటి అడుగులోనే నేల అందదు. ఆపదకు నంబరు 112.

మొత్తం లెక్క

ఇద్దరు ఒక గది పంచుకుని, ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో ఏడు రాత్రులు ఉంటే మనిషికి: బస 210 యూరోలు (గది రాత్రికి 60 చొప్పున), తిండి 130, బస్సు కార్డు 25, గోజో పడవ 8, కొమీనో పడవ 15, కెథెడ్రల్, జిగంతియా, హజార్ ఈమ్ కలిపి 35, పాస్తిత్సీ, కాఫీ, సిమ్ము, వలెట్టాలో రేవు నుంచి పైకెక్కే లిఫ్టు లాంటి చిల్లర 40. మొత్తం 463. యూరో వంద రూపాయల చొప్పున వేసుకుని, బ్యాంకు కోత కింద ఇంకో 5 శాతం కలిపితే 49 వేల దగ్గర. బస మీద తలకు రాత్రికి ఇంత అని పర్యావరణ రుసుము హోటల్లో విడిగా కట్టించుకుంటారు. విమానం, వీసా, ఇన్సూరెన్స్ దీనికి పైన.

కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా అని అడుగుతుంది. యూరోలే నొక్కండి. రూపాయల్లో కనబడే అంకె సౌకర్యంగా ఉంటుంది, మారకం ధర మాత్రం వాళ్లిష్టం.

తిరుగు రోజు

వలెట్టా నుంచి విమానాశ్రయానికి ఎక్స్ 4, మామూలుగా అరగంట. స్లీమా వైపు నుంచి ఎక్స్ 2, పొద్దుటి రద్దీలో గంటకు పైనే. పెట్టెలతో ఉన్నవాళ్లను చూసి నిండిన బస్సు అసలే ఆగదు, కాబట్టి ఒక బస్సు పోయినా రెండోది అందేలా బయల్దేరండి. తెల్లవారుజామున విమానమైతే బస్సు మీద ఆధారపడొద్దు. బోల్ట్ ట్యాక్సీకి 20 యూరోలు మొదటి రోజే విడిగా దాచి ఉంచుకోండి, రాత్రే యాప్‌లో బుక్ చేసి పడుకోండి.